మూడు మెట్ల ఫోమ్ స్టెప్స్ రివ్యూ: మా మంచానికి రెండు స్టార్లు, పిన్ని దివాన్‌కి ఐదు

కుక్క మంచం ఎక్కడానికి మెట్లు ఆర్డర్ పెట్టానని తెలిసిన రోజు మా ఇంట్లో నవ్వని మనిషి లేడు. అత్తమ్మయితే "నేను మోకాళ్ళ నొప్పులతో మేడ ఎక్కలేకపోతన్నాను, దానికేమో మంచానికి మెట్లా, రేపు లిఫ్టు కూడా ఎట్టిస్తావేటే" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది, పార్సిల్ దిగగానే పక్కింటి ఒడియా మావుసి కూడా వచ్చి డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వెళ్ళింది. సరే నవ్వుకోండి గానీ, ఈ మెట్ల ఆన్‌లైన్ పేజీలో చూస్తే రివ్యూలన్నీ "సూపర్, మా పప్పీకి చాలా నచ్చింది" అనే టైపు, ఒక్కరు కూడా తమ మంచం ఎత్తెంతో రాయలేదు, నేను ఆ రివ్యూలు నమ్మి రెండు వేల మూడొందలు పెట్టాను కాబట్టి నా వంతుగా కాస్త వివరంగా రాస్తున్నా.

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. పార్సిల్ మీద పారలాఖెముండి అని ఉంటుంది, ఊళ్ళో మాత్రం ఎవరం అలా అనం. మా జున్ను డాష్‌హౌండ్, ఆడది, ఐదేళ్ళు. పొట్టి కాళ్ళు, పొడుగు నడుం, చెవులు నేలకి ఆనేలా ఉంటాయి. జర్మన్‌లో ఆ పేరుకి అర్థం బ్యాడ్జర్ కుక్క అట, బొరియల్లో దూరి బ్యాడ్జర్‌ని పట్టడానికి అలాంటి ఒళ్ళు వచ్చేలా తరతరాలుగా పెంచారు. బొరియలో దూరడానికి బాగానే ఉంటుంది ఆ ఒళ్ళు, మా తాతగారి కాలం నాటి మంచం మీద నుంచి రోజుకి పదిసార్లు దూకడానికి మాత్రం కాదు.

సంక్రాంతి వెళ్ళిన వారం అది మంచం మీద నుంచి దూకి కుయ్యిమని అరిచింది. అరిచి మళ్ళీ మామూలుగానే నడిచింది గనక మేం పట్టించుకోలేదు. సాయంత్రానికి నడుం విల్లులా వంచేసి ఒక మూల నిలబడిపోయింది, తల దించి గిన్నెలో అన్నం తినడానికి కూడా ఒప్పుకోలేదు, ముట్టుకుంటే వణుకుతోంది. మా ఆయన ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ మాత్ర సగం విరిచి పెడదామన్నారు, దేవుడి దయ వల్ల ముందు డాక్టర్‌కి ఫోన్ చేశాం, ఆయన ఫోన్‌లోనే కేకలేశారు. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కలకి కడుపులో పుళ్ళు చేస్తాయట, కిడ్నీలు కూడా దెబ్బతింటాయట. ఇది చదివే వాళ్ళు మెట్లు కొన్నా కొనకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

మర్నాడు పొద్దున్నే పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. ఎక్స్‌రేలో ఎముకలు తెలుస్తాయి గానీ లోపల వెన్నుపాము ఎంత నలిగిందో కనపడదు, దానికి ఎమ్మారై కావాలి అన్నారు. వెనక కాళ్ళు ఇంకా బాగానే వేస్తోంది కాబట్టి ఇప్పుడే వద్దు, నాలుగు వారాలు చిన్న పంజరంలో పెట్టి కదలనివ్వకండి, కాళ్ళు తడబడినా, పాదం మడతపడి ఈడ్చుకుంటున్నా, ఉచ్చ ఆపుకోలేకపోతున్నా అర్ధరాత్రైనా సరే తీసుకొచ్చేయండి అని చెప్పారు. ఆయన చెప్పిందేంటంటే, మనకి వెన్నుపూసల మధ్య డిస్కులు మెత్తటి జిగురులా ఉండి దెబ్బని తట్టుకుంటాయి, ఈ జాతికి అవి చిన్న వయసులోనే ఎండిపోయి సున్నంలా గట్టిపడతాయి, ఒక్కోసారి ఒక్క కుదుపుకి అది పగిలి పైనున్న వెన్నుపాము మీదకి తన్నుకొస్తుంది. ఇది జీన్స్‌లోనే ఉంటుంది, దూకకపోతే రాదని గ్యారంటీ లేదు, కానీ ఉన్న నడుం మీద రోజూ సుత్తి దెబ్బలు ఎందుకు అన్నారు. బరువు కూడా ఎనిమిదిన్నర కిలోలుంది, ఒక కిలో తగ్గించమన్నారు. ఆ మాటకి అత్తమ్మ మొహం పక్కకి తిప్పుకుంది, ఎందుకంటే పొద్దున్న చకులి పిఠా (ఒడియా వాళ్ళ అట్టు), సాయంత్రం రస్కు ఎవరు పెడుతున్నారో మా అందరికీ తెలుసు.

పంజరం రోజులు అయిపోవస్తుండగా ఆర్డర్ పెట్టినవే ఈ మెట్లు. ఇక అసలు సంగతి.

డబ్బా విప్పితే ఒకటే ముక్క, బిగించేది ఏం లేదు. మూడు మెట్లు, మొత్తం ఎత్తు 40 సెంటీమీటర్లు, అంటే 16 అంగుళాలకి కాస్త తక్కువ. ఒక్కో మెట్టు ఐదు అంగుళాల పైచిలుకు ఎత్తు, కాలు పెట్టే చోటు తొమ్మిది అంగుళాల లోతు, వెడల్పు పదిహేను. బూడిద రంగు మెత్తటి కవర్, కింద రబ్బరు చుక్కలు, పక్కన జిప్పు. చూడ్డానికి ముద్దుగా ఉంది, తేలిక, ఒక్క చేత్తో ఎత్తేయొచ్చు. కొత్త ఫోమ్ వాసన బాగా ఉంది, రెండు రోజులు మేడ మీద నీడలో పెట్టాకే లోపలికి తెచ్చాను, మీరూ అలాగే చెయ్యండి, కుక్క ముక్కుకి అది మనకంటే ఎన్ని రెట్లు ఘాటుగా తగులుతుందో.

ఇప్పుడు మా మంచం. పాత టేకు మంచం, కింద ట్రంకు పెట్టెలు పట్టాలని ఎత్తుగా చేయించారు. పరుపుతో కలిపి 24 అంగుళాలు. నేనీ టేపు పట్టుకుని కొలిచింది ఎప్పుడంటే మెట్లు వచ్చాక! అంటే పై మెట్టు మీద నిలబడ్డాక కూడా ఇంకా ఎనిమిది అంగుళాలు మిగిలే ఉంది. జున్ను మొత్తం ఎత్తే తొమ్మిదో పదో. దానికి అది గోడ. మొదటి రోజు ఎక్కి ఎక్కి పై మెట్టు మీద ఆగిపోయి నా వైపు చూసింది చూడండి, ఆ చూపు ఎవరైనా తట్టుకోగలరా. తప్పు కంపెనీది కాదు, వాళ్ళు 40 అని రాశారు, నేనే చదివి కూడా ఆలోచించలేదు. కాకపోతే అదే పేజీలో "అన్ని మంచాలకీ, అన్ని చిన్న కుక్కలకీ" అని పెద్ద అక్షరాల్లో వేశారు, అది మాత్రం తప్పే.

ఎత్తు ఒక్కటే గొడవైతే కింద రెండు పీటలు వేసి సరిపెట్టేదాన్ని. అసలు తేడా మెట్టు లోతులో ఉంది. తొమ్మిది అంగుళాల మెట్టు మీద జున్ను ఒళ్ళు పట్టదు. ముందు కాళ్ళు పై మెట్టు మీద ఉంటే వెనక కాళ్ళు రెండు మెట్లు కింద ఉంటాయి, మధ్యలో నడుం అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది, మనం ఏ నడుం కాపాడాలని కొన్నామో ఆ నడుమే. దిగేటప్పుడు ఇంకా ఘోరం, తల కిందకి పెట్టి బరువంతా ముందు కాళ్ళ మీద వేసి జారినట్టు దిగుతుంది. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం అని నాకు ఇక్కడే అర్థమైంది, ఎందుకంటే ఎక్కలేకపోతే అది ఆగి మనల్ని పిలుస్తుంది, దిగాలంటే మాత్రం ఎవరి కోసం ఆగదు, కాకి అరిస్తే చాలు దూకేస్తుంది.

ఫోమ్ గురించి. "హై డెన్సిటీ" అని రాశారు, ఎంత అని రాయలేదు. పరుపుల షాపుకెళ్ళి అడిగితే వాడు 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని చెప్తాడు, అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క, నంబర్ పెరిగితే ఫోమ్ త్వరగా కుంగిపోకుండా మన్నుతుందని మామూలుగా చూసుకోవచ్చు. ఇందులో ఉన్నది 32 కూడా ఉండదని నా అనుమానం, అరచేత్తో నొక్కితే అంచు సగానికి దిగిపోతోంది. ఎనిమిది కిలోల కుక్క అంచున కాలు పెడితే మెట్టు వంగుతుంది, కుక్కకి నమ్మకం పోతుంది, ఒకసారి నమ్మకం పోతే చికెన్ ముక్క చూపించినా రాదు. కింద రబ్బరు చుక్కలు మా నున్నటి టైల్స్ మీద పని చెయ్యలేదు, జున్ను కాలు తన్నిన ప్రతిసారీ మెట్లు మంచానికి దూరంగా రెండు అంగుళాలు జరిగేవి. బాత్రూం బయట వేసే రబ్బరు మ్యాట్ కింద పరిచాక ఆగింది. కవర్ ఉతకొచ్చు, రంగు పోలేదు, ఎండలో ఒక్క పూటలో ఆరిపోయింది, దానికి మంచి మార్కే. కానీ లోపల రెండో గుడ్డ లేదు, కవర్ తీస్తే నేరుగా ఫోమే, ఆ ఒక్క పూటలో జున్ను ఒక మూల కొరికి పెట్టింది. ఫోమ్ ముక్క మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది, నేను ముక్కలన్నీ ఏరి జత పెట్టి చూసుకునే దాకా ఊపిరి ఆడలేదు.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది, రంగు. మొత్తం ఒకే బూడిద రంగు, మా నేల కూడా అదే రంగు, కరెంటు పోయిన రాత్రి నాకే మెట్టు అంచు కనపడలేదు. కుక్కలకి పసుపు, నీలం బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలీదు. ఆటోల వెనక అంటిస్తారే ఆ పసుపు రేడియం టేపు, స్టిక్కర్ షాపులో ముప్ఫై రూపాయలకి తెచ్చి అంచులకి అంటించా, అప్పటి నుంచి కాస్త ధైర్యంగా కాలు వేసింది.

రిటర్న్ పెడదామంటే మా పిన్‌కోడ్‌కి పికప్ లేదన్నారు, మీరే కొరియర్ చెయ్యండి అన్నారు. ఆ కొరియర్ ఖర్చు విన్నాక నోరు మూసుకుని కూర్చున్నా. మూడు వారాలు అవి గదిలో ఊరికే ఉన్నాయి, అత్తమ్మ సాయంత్రం సీరియల్ చూస్తూ కాళ్ళు పెట్టుకునేది. "మెత్తగా బాగున్నాయే" అని ఆవిడ మొదటి రివ్యూ.

అప్పుడు బరంపురం నుంచి పిన్ని ఫోన్. వాళ్ళ ముత్యానికి, అంటే వాళ్ళ తెల్ల పమేరియన్‌కి, వెనక కాలు అప్పుడప్పుడు మడిచి కుంటుతోందట, డాక్టర్ చూసి మోకాలి చిప్ప పక్కకి జారుతోంది, ఇంకా మొదటి గ్రేడే, దూకనివ్వకండి అన్నారట. పమేరియన్లకి, చివావాలకి ఆ జబ్బు మామూలే. "ఒసే, నీ దగ్గర ఆ మెట్లు ఊరికే పడున్నాయన్నావు కదే, పంపించెయ్" అంది. ముందు మీ దివాన్ ఎత్తు కొలిచి చెప్పు పిన్నీ అన్నా, ఈసారి నాకు బుద్ధొచ్చింది కదా. 17 అంగుళాలు. ఇంకేం, కొరికిన మూల కుట్టేసి, ప్లాస్టిక్ కవర్ చుట్టి బరంపురం బస్సుకి ఎక్కించాం. కండక్టర్ ఇదేంటని అడిగితే మా ఆయన కుక్క మెట్లని చెప్పారు, అతను నమ్మలేదు, సోఫా ముక్క అని రాసుకున్నాడు. అలా మోహనా మీదుగా తప్తపాణి ఘాట్ దిగి వెళ్ళాయి మా మెట్లు.

అక్కడ కథే వేరు. ముత్యం మూడు కిలోల లోపే, ఒళ్ళు గుండ్రంగా పొట్టిగా ఉంటుంది కాబట్టి తొమ్మిది అంగుళాల మెట్టు మీద నాలుగు కాళ్ళూ పెట్టి నిలబడగలదు. దాని బరువుకి ఫోమ్ వంగదు. పై మెట్టు నుంచి దివాన్‌కి ఒక్క అంగుళం పైన అంతే. రెండో రోజుకే ఎక్కడం దిగడం వచ్చేసిందట, పిన్ని వీడియో పంపింది, మహారాణీ దిగినట్టు ఒక్కో మెట్టు దగ్గర ఆగి అటూ ఇటూ చూసి దిగుతోంది. ఫోమ్ మెత్తగా ఉండటం కూడా దానికి మంచిదే, చిన్న జాతులకి ముందు కాళ్ళ ఎముకలు పెన్సిల్ అంత సన్నం, సోఫా మీద నుంచి పడి ముందు కాలు విరగ్గొట్టుకున్న పమేరియన్లు ఎన్నో, అక్కడ చెక్క మెట్టు అంచు తగిలే కంటే ఫోమ్ తగలడం నయం. మూడు నెలలైంది, పిన్ని ఐదు స్టార్లు అంటోంది, నేను కాదనను. కాలి వేళ్ళ మధ్య బొచ్చు మాత్రం కత్తిరించుకోండి, పమేరియన్లకి అది పెరిగితే టైల్స్ మీద స్కేటింగే.

మరి జున్ను సంగతి? దానికి మెట్లు కాదు, వాలు పలక కావాలి. ఆన్‌లైన్‌లో ర్యాంపులు చూశా, మా ఎత్తుకి సరిపడేవి ఆరు వేల పైనే, చిన్నవి తక్కువకి ఉన్నాయి గానీ మూడడుగుల ర్యాంపుని రెండడుగుల మంచానికి ఆనిస్తే అది నిచ్చెన అవుతుంది. అప్పుడు మా వీధి చివర వడ్రంగి భాయినాని (ఒడియాలో అన్నయ్య అని) పిలిచాం. ఆయన ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు, మేం తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తాం, పని మాత్రం సరిగ్గా జరుగుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా పెరట్లో పనస చెట్టు పడిపోతే మామయ్యగారు దాన్ని కోయించి పలకలు అటక మీద పెట్టించారు, ఎప్పటికైనా పనికొస్తాయని. ఏడేళ్ళకి పైగా అయ్యాక కుక్కకి పనికొచ్చాయి. ఫ్రేమ్ అంతా పనస, పైన 12 ఎమ్మెమ్ ప్లైవుడ్.

కొలతలు చెప్తాను, మీకు పనికొస్తాయి. వాలు పలక పొడవు ఐదడుగులు, వెడల్పు 16 అంగుళాలు. మా గది చిన్నది, మంచానికి ఎదురుగా ఐదడుగులు వేస్తే తలుపు తెరుచుకోదు, అందుకని మంచం పక్కనే పొడవుకి ఆనించి, పైన తలగడ వైపు 22 అంగుళాల ఎత్తులో చిన్న అరుగు లాంటిది పెట్టించాం, జున్ను దాని మీదకి వచ్చి పక్కకి తిరిగి మంచం మీదకి వెళ్తుంది. ఐదడుగులకి 22 అంగుళాలు అంటే వాలు 21 డిగ్రీల పైన కొంచెం. గదిలో చోటుంటే ఆరడుగులు పెట్టించేదాన్ని, నడుం జబ్బున్న కుక్కకి వాలు ఎంత తక్కువుంటే అంత మంచిది. అరుగు పొడవు 20 అంగుళాలు ఉండాలని పట్టుబట్టా, భాయినా ఒక అడుగు చాలన్నాడు, జున్నుని పట్టుకొచ్చి ఆయన ముందే చాపలా పరిచి కొలిచి చూపించాక ఒప్పుకున్నాడు.

ఇంకో గొడవ, పట్టు కోసం అడ్డంగా చెక్క పట్టీలు కొడతానన్నాడు, కోళ్ళ గూటికి వేసే నిచ్చెనలాగ. వద్దన్నా, దీని పొట్ట నేలకి రెండు వేళ్ళ ఎత్తులో ఉంటుంది, పట్టీ తగులుతుంది. కొబ్బరి పీచు కార్పెట్ మీటరు లెక్కన కొనుక్కొచ్చి ఫెవికాల్‌తో అంటించాం, మేకులు వేస్తే తలలు లేచి పాదానికి గుచ్చుకుంటాయని మేకులు లేకుండా. పై నుంచి కింద దాకా పక్కన మూడంగుళాల అంచు పట్టీ. మొత్తం ఖర్చు ప్లైవుడ్, కార్పెట్, కూలీ కలిపి రెండు వేల నూట యాభై, పనస చెట్టు తిత్లీ ఖాతాలో.

అలవాటు చెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు పలకని నేల మీద పడేసి దాని మీద నడిపించాం, ఉడకబెట్టిన చికెన్ చిన్న చిన్న ముక్కలు దారంతా పెట్టి. తర్వాత ఒక చివర ఇటుక మీద, తర్వాత పీట మీద, ఆఖరికి అరుగు మీద. మెడకి పట్టా కట్టి లాగొద్దు, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. భయపడితే ఆ పూటకి ఆపెయ్యడమే, మా ఆయన ఒకసారి వెనక నుంచి తోశారు, దాంతో రెండు రోజులు వెనక్కి పోయాం, ఆ రెండు రోజులూ నేనూ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఎత్తుకోవాల్సి వస్తే చంకల్లో చేతులు పెట్టి పైకి లేపకండి, ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిర్రల కింద, నడుం బల్లలా సమంగా ఉండాలి. ఇది ఇంట్లో పిల్లలకి కూడా నేర్పాం.

కాబట్టి స్టార్లు. ఫోమ్ మెట్లకి, ఎత్తు మంచం, పొడుగు నడుం కుక్క ఉన్న ఇంటికి రెండు, అవి కూడా కవర్‌కీ తేలికకీ. 18 అంగుళాల లోపు దివాన్ గానీ సోఫా గానీ ఉండి, ఐదు కిలోల లోపు పొట్టి ఒళ్ళు కుక్క ఉంటే ఐదు, ఎవరైనా పర్లాకిమిడి లాంటి చోట ఉంటే రిటర్న్ ఉందో లేదో ముందు చూసుకోండి. ఇంత తేలిక ఫోమ్‌కి రెండు వేల మూడొందలు ఎక్కువే అని నా అభిప్రాయం, పిన్ని ఒప్పుకోదు, ఆవిడకి ఊరికే వచ్చాయి కదా.

జున్ను ఇప్పుడు ఏడు కిలోల ఎనిమిది వందలు, చకులి పిఠా ఆదివారాలకి మాత్రమే. వాలు మీద ఎక్కుతుంది, దిగుతుంది, ఎక్కువసేపు ఆ అరుగు మీదే పడుకుని కిటికీలోంచి వీధి చూస్తుంది, మంచం కూడా అక్కర్లేదు దానికి ఇప్పుడు. ఒక్కటే బాకీ ఉంది, భాయినా వాలుకి అంచు పట్టీ కొట్టాడు గానీ అరుగుకి కొట్టడం మర్చిపోయాడు, ప్రస్తుతానికి అక్కడ ట్రంకు పెట్టె నిలబెట్టి మీద తలగడ పెట్టాం. ఎన్నిసార్లు ఫోన్ చేసినా రథయాత్ర అయ్యాక వస్తానంటున్నాడు.